తినలేదు, రొట్టెకి నోరు తాకించిందంతే

మే నెలలో నర్సుల దినం వస్తుంది. మా ఊరి నర్సింగ్ కాలేజీవాళ్ళు ఆ రోజు హాల్లో లైట్లు ఆర్పేసి, పిల్లలందరి చేతుల్లో తలో కొవ్వొత్తీ పెట్టి ప్రమాణం చేయిస్తారు. ప్రిన్సిపాల్ వేదికెక్కి "మీరు తెల్లబట్టల్లో ఉన్న దేవదూతలు" అంటుంది. ప్రతి ఏడూ ఇదే మాట అంటుంది. దేవదూతలకి నడుం నొప్పి రాదు, ఆకలి వేయదు, పని ఎలా చెయ్యాలో ఎవరూ నేర్పక్కర్లేదు. పెద్దలకి ఆ పోలిక అంత నచ్చడానికి కారణం అదేననుకుంటాను. మనిషైతే చేతితొడుగులు అడుగుతుంది, సెలవడుగుతుంది, ఇది ఎందుకు చెయ్యాలని అడుగుతుంది. దేవదూతైతే రెక్కలు ముడుచుకుని బకెట్ అందుకుంటుంది.

ఆ ఏడాది కొవ్వొత్తి పట్టుకున్నవాళ్ళలో జిపార్ ఒకతె. మా ఇంటి వెనకగదిలో ఉండేది. మా నరీన్ లోయలో పైకొండల్లో ఉండే గొర్రెలకాపరి కూతురు. పొట్టిగా, బలంగా ఉండేది. బుగ్గలు చలిగాలికి కమిలి ఎర్రగా ఉండేవి. చిన్నప్పటినుంచీ తండ్రి గొర్రెపిల్లని మోకాళ్ళమధ్య బిగించి పట్టుకుంటే టీకా పొడిచే పని ఆమెదే. నర్సు చదువుకి ఎందుకొచ్చావని అడిగితే సేవ, త్యాగం లాంటి మాటలేవీ చెప్పలేదు. "చెయ్యి వణకదు ఎజే, అందుకని" అంది. ఎజే అంటే మావైపు అక్క. నాకు ఆ జవాబు నచ్చింది.

జూన్‌లో ప్రాక్టికల్స్‌కని సర్జరీ వార్డుకి పంపారు. నెలాఖరున ఆసుపత్రివాళ్ళు "పనికొస్తుంది" అంటేనే ఆ ఏడాది పాస్. వాళ్ళు కాదంటే కాలేజీ ఏమీ చెయ్యలేదు, ఏడాదంతా మళ్ళీ మొదటినుంచి చదవాలి. అంటే పిల్లల మెడలు ఒక హెడ్ నర్సు చేతిలో, ఒక సర్జన్ నోట్లో పెట్టారన్నమాట. ఈ ఏర్పాటు ఎవరు కనిపెట్టారో గానీ వార్డుకి జీతమివ్వక్కర్లేని పనిమనుషులు మాత్రం ఎప్పుడూ దొరుకుతారు.

హెడ్ నర్సు పేరు తినార్. ఆ వార్డులో రోగులు, డాక్టర్లు, వాచ్‌మన్‌తో సహా అందరికీ ఆమె "తినార్ ఎజే", అందరికీ అక్క. మొదటిరోజు జిపార్ ఇస్త్రీ చేసిన తెల్లకోటుతో వెళ్ళి నిలబడితే పైనుంచి కిందదాకా చూసి, "దేవదూతగారూ, బకెట్ ఆ మూలనుంది" అంది.

మొదటివారం నేల తుడవడం, పళ్ళాలు కడగడం, దుప్పట్లు మార్చడం. రోగిని పక్కకి ఎలా తిప్పాలో కాలేజీలో ఎవరూ నేర్పలేదు. అక్కడున్న రబ్బరు బొమ్మకి ఒక చెయ్యే ఉంది. చివరికి ఆ విద్య ఒక పక్షవాతం ముసలాయన కోడలు నేర్పింది. "ముందు మోకాలు మడిచిపెట్టు, ఆ తర్వాత భుజం పట్టుకో. బస్తాని లాగినట్టు లాగకు, మా మావగారు బస్తా కాదు" అని. ఆ కోడలికి ఏ కొవ్వొత్తీ ఎవరూ ఇవ్వలేదు.

రెండోవారం ఇంజెక్షన్లు మొదలయ్యాయి. రోగులు ఎవరి సిరంజి వాళ్ళు కొని తెచ్చుకుంటారు, దిండుకింద దాచుకుంటారు. జిపార్ మొదటి మనిషి షేయ్‌షెన్ అనే గొర్రెలకాపరి. హెర్నియాకి ఆపరేషనైంది. నెత్తిమీద తెల్ల ఉన్నిటోపీ మంచంమీద కూడా తీయడు.

"బైకే, ప్యాంటు కాస్త దించండి" అంది జిపార్. వయసులో పెద్దవాడైన మగవాణ్ణి మావైపు బైకే అంటారు.

"మనవలున్నవాణ్ణి తల్లీ. మగనర్సు లేడా?"

"లేడండి. నేనే ఉన్నాను."

"ఎప్పుడైనా పొడిచావా ఎవరినైనా?"

"పొడిచాను. వందలమందిని."

"వందలమందినా? ఎక్కడ?"

"పైన, మా మేతమైదానంలో. గొర్రెలకి."

వార్డంతా గొల్లున నవ్వింది. పక్కమంచం ఆయన కుట్లు పట్టుకుని మరీ నవ్వాడు. "షేయ్‌షెన్, చెవికి గుర్తు కూడా వేయించుకో, తప్పిపోకుండా ఉంటావు" అన్నాడు. షేయ్‌షెన్ టోపీని మొహంమీదకి లాక్కుని గోడవైపు తిరిగాడు. కాసేపటికి టోపీ లోపల్నుంచి, "ఇంకెంతసేపు? కానివ్వు" అన్నాడు.

"అయిపోయింది బైకే."

ఆ సాయంత్రం అన్నం తింటూ ఈ కథ మాకు మూడుసార్లు చెప్పింది. మూడోసారికి ఆయన టోపీ ఇంకా పెద్దదైంది.

మర్నాడే ఒక ముసలావిడ చేతికి సెలైన్ పెట్టబోతే నరం దొరకలేదు. సూది పక్కకి పోయి చెయ్యి వాచింది. ఆ ముసలావిడ తిట్టకుండా "నా నరాలే మంచివి కావులే" అనేసరికి జిపార్‌కి ఏడుపాగలేదు. సామాన్ల గదిలోకి పరుగెత్తింది. తినార్ ఎజే తలుపు దగ్గర నిలబడి, "ఏడువు, పరవాలేదు. ఏడ్చాక చేతులు కడుక్కుని రా, రెండో చేతికి పెట్టాలి" అంది. పక్కన నిలబడి వేలితో నరం ఎక్కడుందో చూపించింది. ఆ ఒక్కరోజు తినార్ గురువులా ఉంది. ఆ మాట కూడా చెప్పడం న్యాయం.

మూడోవారంలో బురుల్చా వచ్చింది. అరవై దాటిన మనిషి. పిత్తాశయంలో రాళ్ళు. ఆపరేషన్ ముందే నిర్ణయమైంది. చెయ్యాల్సిన సర్జన్ సాతార్ కాదిరోవిచ్. మా జిల్లాలో ఆయన కత్తి పడని కుటుంబం లేదు. పెళ్ళిళ్ళలో ఆయనకి మాంసంలో పెద్దముక్క పెడతారు. అలాంటి మనిషిని ఎవరూ ఏమీ అడగరు, ఆయనకీ ఎవరైనా అడుగుతారన్న ఊహ ఉండదు.

ఆపరేషన్ రోజు పొద్దున తినార్ ఎజే జిపార్‌ని పిలిచింది. "బురుల్చా మంచం దగ్గర కూర్చో. ఏమీ తిననివ్వకు, తాగనివ్వకు. కదలకు."

"ఎందుకు ఎజే?"

"ఎందుకేమిటి, ఆపరేషన్ కదా. చెప్పింది చెయ్యి."

కాలేజీలో చెప్పింది కూడా అంతే. ఆపరేషన్‌కి ముందు రోగి ఆహారం తీసుకోరాదు, ఒక్క వాక్యం, దానికింద గీత. మత్తులో ఉన్న మనిషి గొంతు తనని తాను కాపాడుకోలేదనీ, కడుపులో ఉన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగుతుందనీ, ఒక్క ముద్ద చాలనీ ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నేనిప్పుడు ఒక్క వాక్యంలో చెప్పాను.

కాసేపటికి బురుల్చా చుట్టాలు మేతమైదానం నుంచి దిగారు. మావైపు జబ్బుమనిషిని చూడడానికి ఒక్కరే రావడం, వట్టిచేతుల్తో రావడం ఉండదు. గుంపుకి పెద్ద అయింకాన్, బురుల్చా ఆడపడుచు. మూటల్లో ఉడికించిన మాంసం, ఫ్లాస్కులో వేడి చారు, నూనెలో వేయించిన పిండి ఉండలు, గిన్నెలో మీగడ, పైన గుండ్రటి రొట్టెలు.

జిపార్ అడ్డంగా నిలబడింది. "పెద్దమ్మా, ఈమె తినకూడదు. ఆపరేషనుంది."

"తెలుసులేవే. చారు రెండు గుక్కలు తాగితే ఏమవుతుంది? చూడు మొహం ఎలా పాలిపోయిందో."

"తాగకూడదు. ఇలా ఇవ్వండి ఫ్లాస్కు."

"అబ్బో, ఎవరి కూతురివే నువ్వు?"

"బెక్‌సుల్తాన్ కూతుర్ని. పై మైదానంలో ఉంటాం."

"బెక్‌సుల్తాన్‌కి ఇంత నోరు లేదే. వాళ్ళమ్మ పోలికా?"

పోలిక ఎవరిదైతేనేం, ఫ్లాస్కు లాక్కుంది. మాంసం మూట లాక్కుంది. రెండూ నడవాలో కిటికీలో పెట్టి వచ్చింది. తను గెలిచాననుకుంది. నేను ఆ గదిలో ఉంటే నేనూ అలాగే అనుకునేదాన్ని.

చుట్టాలు కూర్చున్నారు, క్షేమం అడిగారు, చచ్చిపోయిన ఒక గుర్రం గురించి చెప్పుకున్నారు. లేచేముందు అయింకాన్ మంచంమీద గుడ్డ పరిచి రొట్టె తుంచింది. మావైపు ఎవరింటికి వెళ్ళినా, ఎవరు వచ్చినా, రొట్టెకి నోరు తాకించకుండా కదలరు. ఎంత తొందరున్నా సరే, గుమ్మంలో నిలబడైనా ఒక తునక. ఆకలితో దానికి సంబంధం లేదు, దాన్ని తినడం అని ఎవరూ అనరు. అయింకాన్ తునకని మీగడలో ముంచి అందరికీ ఇచ్చింది. చుట్టాలు తీసుకున్నారు. జిపార్ చేతిలోనూ ఒకటి పెట్టింది, జిపార్ నోట్లో వేసుకుంది. బురుల్చా చేతిలో పెట్టింది. ఆడపడుచు చేతి రొట్టెని బురుల్చా పెళ్ళైన ఇన్నేళ్ళలో ఎప్పుడూ కాదనలేదు. ఆ పొద్దునా అనలేదు.

అప్పుడే సాతార్ కాదిరోవిచ్ రౌండ్‌కి వచ్చాడు. వెనక తినార్ ఎజే.

"డాక్టరు బాబూ, నోరు తాకించి వెళ్ళండి" అంది అయింకాన్.

ఆయన రొట్టె తుంచాడు, మీగడలో ముంచాడు, తిన్నాడు. తినార్ ఎజే కూడా తిన్నది. డాక్టరు కూడా తిన్నాడన్న ఆనందంలో అయింకాన్ ఇంకో విడత పంచింది. బురుల్చాకి ఈసారి వేయించిన పిండి ఉండ, మీగడతో. ఆయన చూస్తుండగానే ఆమె నమిలి మింగింది. ఆయన అరచేతుల్తో మొహం తడుముకుని, తిన్నాక చేసుకునే ప్రార్థన ముగించి, "భయపడకు అపా, చిన్న పని" అని, అమ్మని పిలిచినట్టు పిలిచి వెళ్ళిపోయాడు. తర్వాత ఇంకో గుంపు వచ్చింది, బురుల్చా పుట్టింటివాళ్ళు. వాళ్ళ దగ్గరా రొట్టె ఉంది.

మత్తు ఇచ్చే డాక్టరు వచ్చి అడిగింది. "ఏమైనా తిన్నారా?"

"లేదమ్మా" అంది బురుల్చా.

"ఏమీ తినలేదా?" అని జిపార్‌ని అడిగింది.

"లేదండి. చారు కూడా తాగనివ్వలేదు" అంది జిపార్. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. ఆ అడిగిన డాక్టరమ్మదీ ఈ లోయే. ఆమె ఇంట్లోనూ గుమ్మంలో రొట్టె తుంచుతారు.

మత్తు ఎక్కుతుండగా బురుల్చా కడుపులోంచి అదంతా పైకొచ్చింది, కొంత ఊపిరితిత్తుల్లోకి పోయింది. పొట్ట కోయకముందే ఆపేసి, గొంతు శుభ్రం చేసి, ఎలాగో నిలబెట్టారు. ఆపరేషన్ లేదు. ఆక్సిజన్ గొట్టంతో, మండిపోయే జ్వరంతో ఆమెను వెనక్కి తెచ్చారు. మత్తు డాక్టరు బయటికొచ్చి, "మీగడ. పిండి ముద్దలు. ఎవరు పెట్టారు ఈమెకి?" అంది. జిపార్ అప్పుడే అర్థం చేసుకుంది.

మర్నాడు పొద్దున ఐదునిమిషాల మీటింగు. పేరుకే ఐదునిమిషాలు. సాతార్ కాదిరోవిచ్ నర్సు వృత్తి ఎంత పవిత్రమో చాలాసేపు చెప్పాడు. నాకు తెలిసినంతవరకు ఒక వృత్తి పవిత్రత గురించి ఎవరైనా అంతసేపు మాట్లాడితే, ఆ వృత్తిలో అందరికంటే చిన్నవాళ్ళమీద ఏదో పడబోతోందని అర్థం.

"మంచం దగ్గర ఎవరు కూర్చున్నారు?"

"నేనండి."

"ఏం పెట్టావు?"

"పెట్టలేదండి. ఆమె రొట్టెకి నోరు తాకించింది. నేను ఆపలేదు. అది తినడమని నాకు తోచలేదు."

"తోచలేదా? నర్సువి, నీకు తోచాలి."

"తోచాలి. తప్పే. నేనూ నోరు తాకించాను. తినార్ ఎజే తాకించింది. మీరూ తాకించారు. ఆమె పిండి ఉండ తిన్నప్పుడు మీరు అక్కడే ఉన్నారు."

తినార్ ఎజే కిటికీలోంచి బయటికి చూసింది. ఆ క్షణం దాకా జిపార్ చేసింది అజాగ్రత్త. ఆ తర్వాత ఆమె తప్పు మారిపోయింది. పెద్దమనిషికి ఎదురుచెప్పింది. రోగి ఊపిరితిత్తుల సంగతి ఆ గదిలో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

తర్వాత సాతార్ కాదిరోవిచ్ ఆమెని విడిగా పిలిచి మెత్తగా మాట్లాడాడు. "చూడు తల్లీ, చిన్నపిల్లవి. అజాగ్రత్తగా రోగికి ఆహారం ఇచ్చానని రాసివ్వు. నేను మందలిస్తాను, అక్కడితో సరి. నిన్ను పాస్ చేయిస్తాను."

"ఇవ్వలేదండి. ఆపలేదని రాస్తాను. అప్పుడు గదిలో ఎవరెవరున్నారో కూడా రాస్తాను."

"ఎవరెవరున్నారో నిన్నెవరడిగారు?"

"ఎవరూ అడగలేదండి. అడగాలి కదా."

"అయితే ఏడాది పోతుంది" అన్నాడు.

ఊరంతా ఆమెకి బుద్ధి చెప్పడానికి మా ఇంటికొచ్చింది. తండ్రి గుర్రంమీద కొండ దిగి, లారీ పట్టుకుని వచ్చాడు. మంచి మనిషి, టీ చల్లారిపోయేదాకా కప్పువైపే చూస్తూ కూర్చున్నాడు. "రాసిచ్చెయ్యి తల్లీ. మీ అమ్మకి ఆయనే ఆపరేషన్ చేశాడు. రేపు మళ్ళీ అవసరం రాదా?" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. జిల్లాకి ఒకడే సర్జన్ ఉన్నచోట కృతజ్ఞతకీ భయానికీ మధ్య గీత ఎక్కడుందో ఎవరూ చూపించలేరు.

అయింకాన్ వచ్చింది. అమ్మాయే ఏదో తినిపించిందని ఆసుపత్రిలో ఆమెకి చెప్పారు. గుమ్మంలోనే మొదలుపెట్టింది. "మా మరదలికి ఏం పెట్టావే?"

"మీ చేత్తో మీరిచ్చిందే పెద్దమ్మా. మీగడ, రొట్టె."

"అది తిండా? రొట్టె తాకించడం తిండెప్పుడైంది?"

"కడుపుకి తెలియదు కదా పెద్దమ్మా, తాకించిందో తిన్నదో."

"రొట్టె మనిషిని చంపబోయిందంటావా? నోరు కడుక్కో."

"డాక్టరు గారూ చూశారు, మీకు గుర్తుంది కదా. ఆ ఒక్క మాట చెప్పండి చాలు."

"చూస్తే? రొట్టె చూశాడు. రొట్టె తప్పని నన్ను సాక్ష్యం చెప్పమంటావా?"

అక్కడే జిపార్ చిక్కుకుపోయింది. ఆమె అడిగింది ఒక డాక్టరు పేరు. లోయకి వినిపించింది రొట్టెమీద నింద. మరి ఆ సాక్ష్యం ఎవరు చెప్తారు? బురుల్చా కూడా చెప్పలేకపోయింది. జ్వరం తగ్గాక జిపార్ ఒకరోజు వెళ్ళి చూసింది. ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుని, "తిన్నావా అని అడిగారు, తినలేదు కదా మరి మనం?" అంది, తననే ఎవరో మోసగించినట్టు. రాళ్ళు ఇంకా కడుపులోనే ఉన్నాయి. ఇంకో ఊరి ఆసుపత్రికి పంపుతామన్నారు. అక్కడివాళ్ళు కూడా "తిన్నారా" అనే అడుగుతారు.

ఇక్కడొక మాట. ఆసుపత్రి ఆ నెలలోనే వార్డు తలుపుకి "చుట్టాలకు ప్రవేశం లేదు" అని బోర్డు కొట్టించింది. చుట్టాలు వెనక తలుపునుంచి వస్తున్నారు, రొట్టెలతోనే. చుట్టాలు రాకపోతే రోగిని పక్కకి తిప్పేవాళ్ళు లేరు, దుప్పటి ఉతికేవాళ్ళు లేరు, అందుకని వెనక తలుపుకి తాళం వెయ్యరు. ఆపరేషన్‌కి వెళ్ళే మనిషిని "రొట్టె తాకించారా, ఎంత, ఎప్పుడు?" అని అడగండి అని ఎవరూ ఒక్క మాట కూడా చెప్పలేదు. చెప్తే ఆ పొద్దున ఏం జరిగిందో ఒప్పుకున్నట్టవుతుంది. ఒక పిల్ల ఏడాది పోగొట్టడం అంతకంటే తేలిక.

జులైలో ప్రిన్సిపాల్ పిలిచింది. నేను తోడు వెళ్ళాను, బయట బెంచీమీద కూర్చున్నాను. తలుపు సరిగా పడదు, మాటలు వినపడుతూనే ఉన్నాయి.

"జిపార్, నర్సంటే ఓర్పు. నువ్వు వంగితే నీకు పోయేదేముంది?"

"నా తప్పు నేను ఒప్పుకున్నాను మేడమ్. ఆయనది కూడా నన్నే ఒప్పుకోమంటున్నారు."

"ఆయన మనకి ప్రాక్టికల్స్ ఇవ్వనంటే? మిగతా పిల్లల సంగతేమిటి? వాళ్ళ గురించి ఆలోచించావా?"

"ఆలోచించాను. వాళ్ళని కూడా రేపు ఏదో మంచం దగ్గర కూర్చోబెడతారు, ఎందుకో చెప్పకుండా. మీరు చెప్పండి మేడమ్ వాళ్ళకి, ఎందుకో."

"నాకే పాఠం చెప్తున్నావా?"

"లేదు మేడమ్. అడుగుతున్నాను."

తర్వాత ప్రిన్సిపాల్ గొంతు, ఈసారి నిజంగానే అలసిన గొంతు. "రాయవు కదా."

"రాయను."

"వెళ్ళు."

బయటికొచ్చింది. ఇద్దరం నడిచి ఇంటికొచ్చాం. నేను మాటకోసం వెతుక్కుని, "నీ ధైర్యం చూసి అందరూ మెచ్చుకుంటున్నారు" అన్నాను. అది నిజమే కూడా. అంగట్లో ఆడవాళ్ళు, రెండో ఏడాది పిల్లలు, షేయ్‌షెన్ సైతం, చాటుగా అందరూ మెచ్చుకుంటున్నారు. ఆసుపత్రికి వెళ్ళి ఆ మాట చెప్పినవాళ్ళు మాత్రం లేరు.

ఆమె రోడ్డుమధ్య ఆగిపోయింది. "మెచ్చుకోలు నాకెందుకు ఎజే? మంచిపిల్ల అని నలుగురూ అనుకుంటే నాకేం ఒరుగుతుంది? నా ఏడాది నాకు ఇచ్చెయ్యమనండి."

ఇవ్వలేదు. సెప్టెంబరులో ఆమె తనకంటే ఏడాది చిన్నపిల్లల మధ్య, మొదటి ఏడాది బెంచీమీద కూర్చుంది. వాళ్ళకి నరం ఎక్కడుంటుందో వేలితో చూపిస్తోందని, టీచరు చూస్తే మాత్రం చెయ్యి వెనక్కి లాక్కుంటోందని విన్నాను. కోపం తగ్గిందా అని మొన్న అడిగాను. తగ్గలేదంది.